రాజీ కాగితంలో లేని పిల్లలు

(సూర్యాపేటలో జరిగిన మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినవాళ్ళు 'పిల్లల మానసిక సమస్యలు - కుటుంబం' అని విషయం రాసి పంపారు. అంత పెద్ద విషయం గంటలో చెప్పగలిగేది కాదు. అందుకని నేను రోజూ వినే ఒక మాట దగ్గర మొదలుపెడతాను. ఆ మాట 'కౌన్సెలింగ్'. సూర్యాపేటలోనూ కోదాడలోనూ మిర్యాలగూడలోనూ ఇది తెలుగు మాటే అయిపోయింది. పోలీసు స్టేషన్లో కౌన్సెలింగ్ జరుగుతుంది. కాలేజీ సీట్లకు కౌన్సెలింగ్ జరుగుతుంది. పెద్దమనుషులు కూడా ఈ మధ్య 'పంచాయితీ చేసినం' అనడం మానేసి 'కౌన్సిలింగ్ ఇచ్చినం' అంటున్నారు. నా గదికి మొదటిసారి వచ్చిన తల్లి, "మళ్ళ కౌన్సిలింగా మేడం? రెండుసార్లు అయింది గద" అంటుంది. ఆమె ఎందుకలా అంటుందో, ఆ రెండుసార్లు జరిగినదాని వల్ల ఆమె పిల్లలకు ఏమైందో చెప్పడమే ఈరోజు నా పని.

ముందు నా పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఎందుకంటే పొద్దుటినుంచి మీలో చాలామంది నన్ను 'డాక్టరమ్మా' అంటున్నారు. నేను డాక్టర్ని కాను, మందులు రాయను. మందులు రాసేవాళ్ళు సైకియాట్రిస్టులు. క్లినికల్ సైకాలజిస్టు అంటే మనస్తత్వశాస్త్రంలో పైచదువు చదివి, ఆసుపత్రిలో శిక్షణ పొంది, 1992 చట్టం కింద ఏర్పడిన భారత పునరావాస మండలిలో పేరు నమోదు చేయించుకున్న మనిషి. మీరు పిల్లల్ని ఎవరి దగ్గరికి తీసుకెళ్ళినా ఆ నమోదు నంబరు అడగండి. అందులో మొహమాటం అక్కర్లేదు. బిడ్డ కథ మొదటినుంచి వింటాం. ఆటలతో, పరీక్షలతో బిడ్డ ఏం చేయగలడో, ఎక్కడ ఆగిపోతున్నాడో చూస్తాం. ఆ తర్వాత బిడ్డతోనూ ఇంట్లోవాళ్ళతోనూ వారాల తరబడి పనిచేస్తాం. చివరికి ఒక రిపోర్టు రాస్తాం. ఆ రిపోర్టు బడికి వెళుతుంది, సర్టిఫికెట్టు ఇచ్చే బోర్డుకు వెళుతుంది, ఒక్కోసారి కోర్టుకు వెళుతుంది. కాబట్టి అందులో ప్రతి వాక్యం ఎవరు చెప్పినదాన్ని బట్టి రాశామన్నది చాలా ముఖ్యం.

ఎవరు చెబుతారు? ఇక్కడే తంటా వస్తుంది. బిడ్డను తీసుకుని నలుగురైదుగురు వస్తారు. కుర్చీల్లో తండ్రి, తాత, నాయనమ్మ కూర్చుంటారు. తల్లి బిడ్డను ఎత్తుకుని గోడకు ఆనుకుని నిలబడుతుంది. నేను అడిగేది ఆమెను, జవాబు చెప్పేది ఆయన. బిడ్డ ఎన్నో నెలలో కూర్చున్నాడు, ఎన్నో నెలలో నిలబడ్డాడు అని అడిగితే ఆయనకు తెలియదు, అయినా ఏదో ఒకటి చెబుతాడు. ఆమె నోరు తెరిస్తే అత్తగారు "దానికేం దెల్వదు మేడం" అంటుంది. మేం వాడే వైన్‌లాండ్ మాపని అని ఒకటుంది. దాని భారతీయ రూపంలో 89 అంశాలుంటాయి. బిడ్డ తనంతట తాను గ్లాసు పట్టుకుని తాగుతాడా, చొక్కా గుండీలు పెట్టుకుంటాడా, పక్క వీధి దాకా ఒంటరిగా వెళ్ళి వస్తాడా - ఇలాంటి ప్రశ్నలు. బిడ్డను పెంచే మనిషి చెప్పాల్సినవి. అంటే మా శాస్త్రం ప్రకారం కూడా సాక్షి తల్లి. ఇంట్లో మాత్రం ఆమె ముద్దాయి. అందుకే నేను పెట్టుకున్న మొదటి నియమం, తల్లితో అరగంట విడిగా మాట్లాడకుండా ఏ రిపోర్టూ రాయకపోవడం. దీనికి అభ్యంతరం చెప్పి బిడ్డను తీసుకుని లేచిపోయిన కుటుంబాలు కూడా ఉన్నాయి.

ఇది మన ప్రాంతానికి కొత్త కాదు. తెలంగాణ సాయుధ పోరాటానికి సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాలు గుండెకాయ లాంటివి. అందులో తుపాకీ పట్టిన ఆడవాళ్ళున్నారు, కొరియర్లుగా నడిచినవాళ్ళున్నారు, పురిటి బిడ్డల్ని వదిలి వెళ్ళినవాళ్ళున్నారు. అయినా వాళ్ళ కథ వాళ్ళ నోట వినడానికి 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. మన ఆడవాళ్ళు చెప్పలేనివాళ్ళు కారు. ఎవరూ కూర్చోబెట్టి అడగలేదు.

భాష సంగతి కూడా చెప్పాలి. కోదాడ సరిహద్దు ఊరు, సాగర్ ఎడమ కాలువ వచ్చాక గుంటూరు, కృష్ణా జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి, వాళ్ళ మాట వేరు. సూర్యాపేట పల్లెల మాట వేరు. మిర్యాలగూడ పక్కన దామరచర్ల వైపు తండాల్లో పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ఆ పిల్లవాణ్ణి బళ్ళో వేసిన మొదటి సంవత్సరమే టీచరు 'మందమతి' అని రాసి నా దగ్గరికి పంపుతుంది. పుస్తకాల తెలుగులో ప్రశ్న అడిగితే వాడు నేల చూస్తాడు. వాళ్ళ అక్కను పక్కన కూర్చోబెట్టి వాళ్ళ భాషలో అడిగిస్తే చకచకా చెబుతాడు. సెగ్విన్ ఫారం బోర్డు అని చెక్క పలక ఉంటుంది. గుండ్రం, నలుచదరం, నక్షత్రం ముక్కల్ని వాటి గుంటల్లో అమర్చాలి. దానికి భాషతో పని లేదు. బళ్ళో మందమతి అనిపించుకున్న పిల్లవాడు దాన్ని వయసుకు మించిన వేగంతో అమర్చి, నా వైపు చూసి ఇంకోటి ఉందా అన్నట్టు చెయ్యి చాపుతాడు. పిల్లలకు ముద్ర వేయడం తేలిక. ఆ ముద్ర తుడవడానికి ఏళ్ళు పడుతుంది.

ఇప్పుడు ఆ 'రెండుసార్లు అయిన కౌన్సెలింగ్' దగ్గరికి వస్తాను. నేను చెప్పే వివరాల్లో ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా ఊరు, వయసు, సందర్భం మార్చాను.

ఎనిమిదేళ్ళ బాబు. బళ్ళో ఎనిమిది నెలలుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో తల్లితో, చెల్లెలితో మాట్లాడతాడు. బడి గేటు దాటితే నోరు మూతపడుతుంది. దీంతోపాటు, నాలుగేళ్ళకే మానేసిన పక్క తడపడం మళ్ళీ మొదలైంది. తండ్రి తీసుకొచ్చి "మంకుపట్టు మేడం, నాలుగు తగిలిస్తే సరిపోతది అనుకున్న, తగిలించినా, అయినా తగ్గలె" అన్నాడు. పిల్లలు మానేసిన అలవాటు మళ్ళీ మొదలైందంటే మేం ముందు మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటిదేమైనా ఉందా అని పరీక్ష చేయిస్తాం. అది లేదని తేలాక, మొదలైన రోజుల్లో ఇంట్లో ఏం జరిగిందని అడుగుతాం. తల్లిని విడిగా కూర్చోబెట్టి, ఒక కాగితం మీద నెలలు రాసి, పండగల గుర్తులతో వెనక్కి నడిచాం. బతుకమ్మకు ఆమె పుట్టింట్లో ఉంది. దెబ్బలు తట్టుకోలేక వచ్చేసింది. దీపావళి తర్వాత స్టేషన్లో కౌన్సెలింగ్ జరిగింది. సర్దుకుపొమ్మని పంపారు. ఆ వారమే పిల్లవాడు పక్క తడిపాడు. సంక్రాంతి ముందు మళ్ళీ గొడవ, మళ్ళీ పుట్టిల్లు, ఈసారి పెద్దమనుషుల సమక్షంలో రాజీ. రాజీ అయిన మర్నాటి నుంచి బళ్ళో మాట పోయింది.

ఆమె బ్యాగులోంచి ఆ రాజీ కాగితం తీసి చూపించింది. నోటరీ స్టాంపు కూడా ఉంది. ఇద్దరం సఖ్యతగా కాపురం చేసుకుంటామనీ, ఒకరిమీద ఒకరం ఫిర్యాదులు చేసుకోమనీ రాసి ఉంది. భర్త సంతకం, ఆమె సంతకం, నలుగురు సాక్షులు. ఆ ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారన్న సంగతి ఆ కాగితంలో ఎక్కడా లేదు.

పిల్లవాడు నాతో మాట్లాడలేదు, బొమ్మలతో ఆడాడు. వంటింటి సామాన్ల బొమ్మలు ఇస్తే గిన్నెల్ని ఒకదాని మీద ఒకటి పెట్టాడు, చప్పుడు కాకుండా. పెట్టిన ప్రతిసారీ తలుపు వైపు చూశాడు. నాలుగో వారం చెల్లెలి చెవిలో చెప్పి, ఆమె చేత నాకు చెప్పించాడు: "నాయిన బండి సప్పుడు నాకే ముందు ఇనబడ్తది. నేను జెప్తే అమ్మ పొయ్యి ఆర్పి దాక్కుంటది." అంటే ఆ ఇంటికి కావలి కాసేది ఎనిమిదేళ్ళవాడు. రోజంతా బళ్ళో కూర్చుంటే ఇంటి దగ్గర కావలి ఎవరు కాస్తారు? వాడి భయం అది. నోరు విప్పితే ఇంటి సంగతి ఎక్కడ బయటపడుతుందోనన్న భయం ఇంకొకటి. తండ్రి దాన్ని మంకుపట్టు అన్నాడు, టీచరు మూగి అంది.

ఇలాంటి మౌనానికి వైద్యం ఉంది. మొదట బడి అయిపోయాక ఖాళీ తరగతి గదిలో తల్లితో మాట్లాడనివ్వాలి. తర్వాత టీచరు గది బయట వరండాలో నిలబడాలి, ఆ తర్వాత గుమ్మం దగ్గర, ఆ తర్వాత లోపల, వాణ్ణి చూడకుండా పుస్తకాలు దిద్దుకుంటూ. తర్వాత ఒక స్నేహితుణ్ణి చేర్చాలి. ఎక్కడా 'మాట్లాడు, మాట్లాడు' అని ఒత్తిడి పెట్టకూడదు. ఆ టీచరు ఓపికగా చేసింది, ఆమె మేలు మరువలేను. అయితే ఇదంతా మొదలుపెట్టింది తల్లి పిల్లలతో అమ్మమ్మ ఇంటికి మారి, గృహహింస చట్టం కింద రక్షణ ఉత్తర్వు తెచ్చుకున్న తర్వాతే. దెబ్బలు పడుతున్న ఇంట్లో పిల్లవాడికి 'ధైర్యం నేర్పడం' నేను చేయను. భయపడడం అక్కడ వాడి తెలివి. నాలుగు నెలలకు వాడు తరగతిలో హాజరు పలికాడు. పక్క తడపడం అంతకు ముందే తగ్గింది.

ఇక్కడ చట్టం సంగతి మీకు చెప్పాలి, ఎందుకంటే స్టేషన్లో మీ ముందు 'కౌన్సెలింగ్' పేరుతో జరిగేది చట్టం చెప్పే కౌన్సెలింగ్ కాదు. 2005 గృహహింస చట్టం 14వ సెక్షను కింద మెజిస్ట్రేటు కౌన్సెలింగ్‌కు ఆదేశించవచ్చు. ఆ కౌన్సెలింగ్ ఎలా జరగాలో 2006 నియమాల్లో 14వ నియమం చెబుతుంది. హింస మళ్ళీ జరగదన్న హామీ రాబట్టడం దాని ఉద్దేశం. కొట్టినవాడు 'ఆమె ఇట్లా అన్నది కాబట్టి నేను అట్లా చేసిన' అని తన హింసను సమర్థించుకోవడానికి అక్కడ వీల్లేదు. ఈ సంగతి చదివినప్పుడు నాకే ఆశ్చర్యమేసింది. మనం చూసిన ప్రతి రాజీ పంచాయితీలోనూ సగం సమయం ఆ సమర్థింపుకే పోతుంది కదా! అదే చట్టం 18వ సెక్షనులో, బాధితులు పిల్లలైతే వాళ్ళ బడి దగ్గరికి హింస చేసినవాడు వెళ్ళకుండా ఉత్తర్వు ఇవ్వవచ్చు. పిల్లల తాత్కాలిక సంరక్షణ తల్లికి ఇవ్వడానికి 21వ సెక్షను ఉంది. ఇంతకాలం 498-ఏ అని మనకు నోటికొచ్చిన సెక్షను 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లయింది. నంబర్లు మారాయి, స్టేషన్లో సర్దిచెప్పే పద్ధతి మారలేదు.

ఇక తల్లిమీద వేసే నింద గురించి. మిర్యాలగూడలో మూడేళ్ళ పాపను తెచ్చారు. పిలిస్తే పలకదు, కళ్ళలోకి చూడదు, ఇటుక ముక్కల్ని వరసగా పేర్చుకుంటుంది, వరస చెదిరితే తల బాదుకుంటుంది. ఆటిజం లక్షణాలు. భార్యాభర్తలు మేనరికం. కానీ నాయనమ్మ, "మా ఇంట్ల ఇసొంటియి లేవు, ఇది ఆమె తెచ్చిన రక్తం" అంది. మేనమామ కొడుకును చేసుకుంటే రక్తం ఇద్దరిదీ ఒక తాతదే కదమ్మా అంటే ఆమెకు కోపం వచ్చింది. మేనరికంలో కొన్ని రకాల జన్యు సమస్యలు వచ్చే అవకాశం పెరుగుతుంది. అలాంటివాటిలో చాలావరకు తల్లి నుంచీ తండ్రి నుంచీ, రెండు వైపులా వచ్చి కలిస్తేనే బయటపడతాయి. ఆటిజానికి ఒక్క కారణం లేదు. అది మేనరికం లేని ఇళ్ళలోనూ వస్తుంది. ఆ కుటుంబానికి అదంతా అక్కర్లేదు. వాళ్ళకు కావలసింది నేరస్థురాలు. మగపిల్లవాడి కోసం రెండో పెళ్ళి మాట అప్పటికే నడుస్తోంది.

తల్లిని నిందించడంలో మా శాస్త్రం కూడా తక్కువేమీ తినలేదు. లియో కానర్ 1943లో ఆటిజం గురించి మొదటిసారి వివరంగా రాసినప్పుడే తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువని గమనించానన్నాడు. తర్వాత అమెరికాలో 'రిఫ్రిజిరేటర్ తల్లులు' అనే మాట పుట్టింది. ప్రేమలేని, మంచులాంటి తల్లుల వల్లే పిల్లలు ఇలా అవుతారని. బ్రూనో బెటెల్‌హైమ్ 1967లో దీన్ని ఒక పుస్తకమంతా రాశాడు. బిడ్డను చూసుకోలేక సతమతమవుతున్న వేలమంది ఆడవాళ్ళు ఆ నేరం కూడా మోశారు. అంతకు ముందే, 1964లో బెర్నార్డ్ రిమ్‌లాండ్ అనే సైకాలజిస్టు ఇది పెంపకం వల్ల కాదు, శరీర నిర్మాణంలోనిదని వాదించాడు. ఆయన కొడుకుకే ఆటిజం ఉండేది. ఇప్పుడు శాస్త్రం దగ్గర ఈ విషయంలో సందేహం లేదు. కానీ అమెరికాలో ఎప్పుడో చచ్చిన ఆ సిద్ధాంతం మన దగ్గర వేరే బట్టలు కట్టుకుని తిరుగుతోంది. 'తల్లి ఫోను చూపించింది కాబట్టి', 'తల్లి ఉద్యోగానికి పోయింది కాబట్టి' అని చదువుకున్నవాళ్ళే అంటున్నారు. ఫోను ఎక్కువ చూస్తే మాట ఆలస్యం కావచ్చు, దాన్ని తగ్గించమనే నేనూ చెబుతాను. అది వేరే సంగతి.

ఈ పాప తల్లికి నేను చెప్పినవి మీకూ పనికొస్తాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ఆటిజం, బుద్ధిమాంద్యం, చదవడం రాయడంలో వచ్చే నిర్దిష్ట ఇబ్బందులు కూడా అందులో ఉన్నాయి. ఆరు నుంచి పద్దెనిమిదేళ్ళ దాకా ఉచితంగా చదువుకునే హక్కు ఆ పాపకుంది. మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కోండి. జనం ఇప్పటికీ 'సదరం' అని పిలిచే సర్టిఫికెట్టు ఉంటే పింఛను వస్తుంది. 2023లో దాన్ని నెలకు 4,016 రూపాయలు చేశారు. ఆ డబ్బు తండ్రి చేతికి కాకుండా బిడ్డ, తల్లి కలిసిన ఖాతాలో పడేట్టు చూడండి. పాపకు పద్దెనిమిదేళ్ళు నిండాక 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద తల్లి కూడా చట్టబద్ధ సంరక్షకురాలు కావచ్చు. సర్టిఫికెట్టు కోసం మాత్రం ఎక్కడికి పోవాలో ముందే తెలుసుకోండి. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయినప్పుడు సూర్యాపేట, కోదాడ ఒక జిల్లా అయ్యాయి, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉంది. తల బాదుకునే బిడ్డను చంకనేసుకుని రెండు బస్సులు మారి వెళ్ళాక 'మీది ఈ జిల్లా కాదు' అని తిప్పిపంపితే ఆ తల్లికి ఒక రోజు కూలీ పోతుంది. మళ్ళీ రావడానికి ఇంట్లో ఒప్పుకోరు.

ఈ పాప పేర్చే ఇటుకలతోనే మేం పని మొదలుపెట్టాం. ఆమె పక్కన కూర్చుని నేనూ ఒక వరస పేర్చాను. మూడో వారం ఒక ముక్క దాచి చెయ్యి చాపాను, ఆమె నా చేతి వైపు చూసింది. మొదట అంతే. తల్లి ఇంట్లో రోజూ అరగంట అది చేస్తుంది. రెండో పెళ్ళి మాట ఆగిందా అంటే ఆగలేదు. దానికి నా దగ్గర పరీక్ష లేదు, మీరే వెళ్ళాల్సి వచ్చింది.

మూడో రకం కౌన్సెలింగ్ ఇంకొకటుంది. అది నాకు చాలా భయం కలిగించేది. కోదాడలో పందొమ్మిదేళ్ళ అమ్మాయిని తల్లిదండ్రులు తెచ్చారు. డిగ్రీ చదువుతోంది. "మనసు మార్చండి మేడం, ఎంతయినా ఫర్వాలేదు" అన్నారు. అబ్బాయిది వేరే కులం, వీళ్ళు తక్కువ అనుకునే కులం. అమ్మాయి ఫోను లాక్కున్నారు, రెండు నెలలుగా కాలేజీ మాన్పించారు. అన్నం సరిగా తినడం లేదు, నిద్ర లేదు, ఏడుస్తుంది. దాన్నే జబ్బు అంటున్నారు. విడిగా కూర్చోబెడితే ఆ అమ్మాయి మొదట అడిగిన ప్రశ్న, "నేను చెప్పింది వాళ్ళకు చెప్తారా?" అని. చెప్పనన్నాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద ఆ గోప్యత ఆమె హక్కు. అదే చట్టం 3వ సెక్షనులో మనందరం గోడమీద రాసుకోవాల్సిన సంగతి ఒకటి ఉంది. సమాజంలో నడిచే నైతిక, సామాజిక, సాంస్కృతిక విలువలకూ మతవిశ్వాసాలకూ ఒక మనిషి ఒదగకపోవడాన్ని బట్టి ఆ మనిషికి మానసిక వ్యాధి ఉందని నిర్ణయించకూడదు. ఆ తండ్రికి నేను ఇదే చెప్పాను. ఆయన మర్యాదస్తుడే, గొంతు పెంచలేదు. "మతిస్థిమితం సరిగా లేదని ఒక కాగితం ఇవ్వండి చాలు, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు.

మిగతాది అంటే ఏమిటో మన ప్రాంతంలో ఎవరికీ వివరించనక్కర్లేదు. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, గర్భవతి అయిన భార్యను ఆసుపత్రిలో చూపించి బయటికొస్తున్న ప్రణయ్ అనే దళిత యువకుణ్ణి నరికి చంపారు. అమ్మాయి తండ్రే డబ్బిచ్చి చేయించాడని పోలీసులు కేసు పెట్టారు. విచారణ పూర్తికాకముందే 2020లో ఆయన చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష వేసింది. ఆ కేసు గురించి వార్తలు వచ్చిన ప్రతిసారీ మా గదుల్లోకి ఆడపిల్లల్ని తెచ్చేవాళ్ళు పెరగడం నేను చూశాను. ఒకసారి తల్లి భయంతో తెస్తుంది, ఇంకోసారి తండ్రి బెదిరించడానికి తెస్తాడు. ఇద్దరూ 'కౌన్సెలింగ్' అనే అంటారు. మతిస్థిమితం లేదన్న కాగితం ఒక్కటి చేతికొస్తే, మేజరైన అమ్మాయి కోర్టులో నిలబడి చెప్పిన మాట కూడా చెల్లకుండా చేయాలని చూస్తారు. ఆ కాగితం నేను ఇవ్వలేదు. అమ్మాయికి మహిళా హెల్ప్‌లైన్ 181 నంబరు నోటికి నేర్పించి పంపాను, రాసిస్తే చూస్తారని. ఆమె తిండి, నిద్ర సంగతి కూడా మాట్లాడాం. అవి నిజమైన బాధలే.

పద్దెనిమిది నిండని పిల్లల విషయం వేరు, ఇంకా చిక్కు. పోక్సో చట్టంలో పద్దెనిమిదేళ్ళ లోపు ఇష్టానికి విలువ లేదు. పదిహేడేళ్ళ అమ్మాయి ఇష్టపడి వెళ్ళినా కేసే. కులం కోసం ఆ చట్టాన్ని వాడుకునే తండ్రులున్నారు. అయినా ఆ చట్టం అసలు ఎవరికోసం వచ్చిందో ఆ పిల్లలు మనకు ఎక్కువమంది ఉన్నారు. చెడు చేసినవాడు చాలావరకు ఇంటిమనిషే, లేదా ఇంటికి బాగా తెలిసినవాడే. ఊళ్ళో పెద్దలు దాన్ని కూడా రాజీ చేస్తారు, పొలం రాసిస్తారు, డబ్బు కడతారు. మీలో ఎవరైనా అలాంటి రాజీలో 'ఆడపిల్ల పరువు కోసం' కూర్చోవాల్సి వస్తే 19వ సెక్షను గుర్తుపెట్టుకోండి. తెలిసిన ప్రతి మనిషీ ఫిర్యాదు చేయాలి. చేయకపోతే 21వ సెక్షను కింద ఆరు నెలల దాకా శిక్ష ఉంది.

పాపను పదిమంది పదిసార్లు అడగకండి. ఇది మాత్రం చేతులెత్తి అడుగుతున్నాను. అమ్మ అడుగుతుంది, అంగన్‌వాడీ టీచరు అడుగుతుంది, సంఘం నుంచి ఇద్దరు వెళ్ళి అడుగుతారు, విలేకరి అడుగుతాడు. చిన్నపిల్లలు ఒకే ప్రశ్న మళ్ళీ అడిగితే, మొదట చెప్పిన జవాబు తప్పేమో అనుకుంటారు. పెద్దవాళ్ళను సంతోషపెట్టడానికి జవాబు మారుస్తారు. తర్వాత కోర్టులో ఎదుటి పక్షం లాయరు ఆ తేడానే పట్టుకుంటాడు. మొదటిసారి పాప తనంతట తాను ఏ మాటల్లో చెప్పిందో ఆ మాటల్లోనే, తేదీ వేసి రాసిపెట్టండి. దానికి సభ్యత నేర్పకండి. 'అక్కడ' అంటే 'అక్కడ' అనే రాయండి. ఆ తర్వాత అడగడం ఆపండి. వాంగ్మూలం పాప ఇంట్లోనో, ఆమెకు నచ్చిన చోటనో, యూనిఫాం లేని మహిళా ఎస్సై తీసుకోవాలని 24వ సెక్షను చెబుతుంది. ఆడపిల్ల అయితే వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. కోర్టుకు పదేపదే పిలవకూడదు, నిందితుడు పాప కంటపడకూడదు. 2020 నియమాల ప్రకారం కేసు పొడుగునా పాప పక్కన ఉండడానికి ఒక సహాయకురాలిని నియమించే వీలుంది. మీలో చదువుకున్నవాళ్ళు బాలల సంక్షేమ కమిటీకి దరఖాస్తు చేసి ఆ పనికి ముందుకు రండి. చాలా అవసరం.

ఇంటర్ పిల్లల గురించి అడిగారు ఇందాక ఒకరు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు తప్పులతడకగా వచ్చినప్పుడు ఇరవైమందికి పైగా పిల్లలు చనిపోయారు. దాని గురించి ఒక పూటంతా మాట్లాడాలి. ఈరోజు ఒక్కటే చెబుతాను. హాస్టల్ నుంచి ఫోన్ చేసి 'ఇంటికొస్తా' అన్న బిడ్డను 'ఈ ఒక్క సంవత్సరం సర్దుకో' అనకండి. ఎందుకో అడగండి.

చివరగా ఒక కాగితం సంగతి. పోయిన నెల మీ సంఘాల్లోని ఒక కార్యకర్త, తను సాక్షిగా ఉండాల్సి వచ్చిన రాజీపత్రం నకలు తెచ్చి చూపించింది. భార్య రాజీకే ఒప్పుకుంది, ఆమెకు పోవడానికి వేరే చోటు లేదు. ఈ కార్యకర్త మాత్రం దాని వెనక ఖాళీగా ఉన్న వైపు చేత్తో రాయించింది. ఇంట్లో ఉన్న ముగ్గురు పిల్లల పేర్లు, వయసులు రాయించింది. పెద్దపాప బడి మానకూడదు. రాత్రిపూట పిల్లల్ని బయటికి గెంటకూడదు. మళ్ళీ చెయ్యి ఎత్తితే తల్లీ పిల్లలూ ఎవరింటికి వెళతారో ఆ ఇల్లు, ఆ ఫోన్ నంబరు. నెలకొకసారి పెద్దపాపతో ఆమె విడిగా మాట్లాడుతుంది, దానికి తండ్రి అడ్డురాకూడదు. ఎస్సై మొదట నవ్వాడట, 'ఇవన్నీ ఎందుకమ్మా' అని. ఆమె కుర్చీలోంచి లేవలేదట. గంట తర్వాత ఆ వెనక వైపు కూడా అందరిచేతా సంతకాలు పెట్టించింది. ఆ నకలు నా దగ్గరుంది. జిరాక్సులు తీయించి తెచ్చాను, బయట బల్లమీద పెట్టాను. పేర్లు కొట్టేశాను, మిగతాది చదివి మీ ఊరికి సరిపోయేట్టు మార్చుకోండి.